ఇసుక బొక్కెన

కాంబోడియా దేశపు రాజధానియగు నాంఫెన్ నగరము మెకాంగ్, టోన్లే సాప్, బాసాక్ నదులు కలియు చోట వెలసినది. నీటి నడుమ పుట్టిన ఊరగుటచే అచ్చట చెరువులు పెక్కు ఉండెడివి. వానకాలపు నీటిని అవి తమలో నిలుపుకొని ఊరిని మునుగనీయక కాపాడుచుండెడివి. ఒడ్డున నివసించు పేదలు వానిలో చేపలు పట్టి, నీటిలో పెరుగు ఆకుకూరలు పండించి జీవించెడివారు.

ఆ చెరువులలో బెంగ్ కాక్ పేరుగన్నది. 2007లో ప్రభుత్వము దానిని, దాని పరిసరములను కలిపి 133 హెక్టారుల భూమిని 99 ఏండ్లకు ఒక వ్యాపారసంస్థకు కౌలుకిచ్చెను. 2008 ఆగస్టు నుండి నదీగర్భమందలి ఇసుకను గొట్టముల ద్వారా తెచ్చి చెరువులో పోయసాగిరి. కొలది ఏండ్లలో నీరు మాయమై ఇసుక మైదానము మిగిలెను. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. ఎదిరించి నిలిచిన స్త్రీలలో కొందరు చెరసాల పాలైరి.

ఖ్వాయ్ సామ్నాంగ్ అను చిత్రకారుడు 1982లో స్వాయ్ రియెంగ్ ప్రాంతమున జన్మించి, రాజధానిలోని లలితకళా విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించినవాడు. 2011లో అతడు పూడిపోవుచున్న చెరువులలోనికి దిగి, నీటిలో నిలిచి, బొక్కెనెడు ఇసుకను తన నెత్తిపై కుమ్మరించుకొనెను. అంతే. ఆ దృశ్యములను ఛాయాచిత్రములుగను, చలనచిత్రముగను ప్రదర్శించెను. వానికి పేరైనను పెట్టలేదు. చూచువారికి మొదట నవ్వు రావచ్చును. ఒక్క బొక్కెనెడు ఇసుకకే మనిషి కన్ను, ముక్కు, నోరు మూసికొనిపోవుచుండగా, ఆ చెరువు మాటేమి యను తలంపు పిదప కలుగును. నినాదములు వ్రాసి పట్టుకొన్నవానిని అడ్డుట సులభము. తన నెత్తిపై తానే ఇసుక పోసికొనువానిని ఏ నేరమున పట్టుకొందురు? అయినను బెంగ్ కాక్ తిరిగి రాలేదు.

2014లో అతడు ఈశాన్యమందలి రతనకిరికి పోయెను. ఆ పేరు మన రత్నగిరియే. అచ్చటి కొండజాతులవారు తమ దేవతలకు నెలవుగా కొలుచు అడవులు పడిపోయి, వాని స్థానమున రబ్బరు తోటలు వరుసలు తీరి నిలిచినవి. సామ్నాంగ్ రబ్బరు చెట్ల తెల్లని పాలను తన ఒంటిపై పోసికొని ఆ తోటలలో నిలిచెను.

అతని రచనలలో ఉత్తమమైనది "ప్రే కున్‌లాంగ్". దేవతల త్రోవ యని దాని భావము. నైరుతి దిక్కున, కార్డమమ్ కొండలలోని ఆరెంగ్ లోయలో చోంగ్ జాతివారు నివసింతురు. అరుదైన సియాం మొసళ్లకు అది నిలయము. చోంగులు ఆ మొసలిని పవిత్రముగా నెంతురు. ఈ లోయను ముంచివేయు జలవిద్యుత్తు ఆనకట్ట యొకటి తలపెట్టబడెను. గ్రామస్థులు, యువ బౌద్ధభిక్షువులు దానిని ఎదిరించిరి. 2015లో ప్రధాని హున్ సేన్ దానిని వాయిదా వేసెను.

సామ్నాంగ్ ఆ ప్రజల మధ్య నివసించి, వారి పొలిమేరలు కాగితపు పటములందు గాక, ఏ గుట్టపై ఏ దేవత యున్నదో తెలుపు కథలయందు నిలిచియున్నవని గ్రహించెను. అడవితీగలతో జంతువుల ముసుగులను అల్లించెను. వానిని ధరించి న్గెట్ రాడీ అను నర్తకుడు అడవిలోను, ఏటి రాళ్లపైను ఆడెను. రాడీ నేర్చినది "లఖోన్ ఖోల్" అను ముసుగు నాట్యము. అందు ఆడునది మనకు పరిచితమైన రామకథయే. ఖ్మేరులు దానిని "రియామ్‌కేర్" అందురు. ఆలయప్రాంగణములలోను, రాజాశ్రయమునను పెరిగిన ఆ నాట్యము ఇచ్చట ఏనుగు నడకను, పక్షి రెక్కల కదలికను నేర్చుకొనవలసివచ్చెను. 2017లో జర్మనీయందలి కాసెల్ నగరమున జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనమున ఆ చలనచిత్రముతోపాటు తీగల ముసుగులను కూడ ఉంచిరి.