గట్టు మీద కావలివాడు



ఎండాకాలపు సెలవులు వచ్చాయంటే మన పిల్లల మనస్సు నీటి మీదికి పోతుంది. మేముండే సైనిక్‌పురి వంటి పట్టణపు కాలనీల పిల్లలు డబ్బు కట్టి ఈత కొలనుకు వెళ్తారు. అక్కడ గట్టున లైఫ్‌గార్డు ఉండాలి. పల్లెలో పిల్లలు చెరువుకు, కాలువకు, వ్యవసాయపు బావికి వెళ్తారు. అక్కడ గట్టున ఎవరుంటారు? ఇది ప్రతి సంఘము ఆలోచించవలసిన ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. 2014 జూన్ 8న హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైనున్న లార్జి ఆనకట్ట నుండి నీరు వదలడంతో ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. చదువుకున్న బిడ్డలైనా రాబోయే నీటిని ముందుగా చూడలేరు. చూసి హెచ్చరించే మనిషి కావాలి.

లైఫ్‌గార్డు చేసే పని

ఈత బాగా వచ్చినవాడే లైఫ్‌గార్డు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అతని మొదటి పని ఈదడం కాదు, చూడడం. 10 సెకన్లలో తన వంతు నీటినంతా కన్నులతో వెదకాలి, మరో 20 సెకన్లలో ఆపదలో ఉన్నవాని దగ్గరకు చేరాలి అని అనేక చోట్ల వారికి నేర్పుతారు. ఎందుకింత తొందర? మునిగేవాడు సినిమాలో వలె కేకలు వేయడు. ఊపిరికే చాలని నోరు కేక ఎలా వేస్తుంది? తల వెనక్కు వాలుతుంది, నోరు నీటి మట్టానికి వస్తుంది, చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. చూచేవారికి ఆడుకుంటున్నట్లే ఉంటుంది. ఒక్క నిమిషము లోపే మునిగిపోవచ్చును.

మనము చేయగలిగినది

ఈత రాని అన్న తమ్ముని కోసం దూకి, ఇద్దరూ పోయిన ఇండ్లు మనకు తెలియనివి కావు. కాబట్టి ముందు దూకవద్దు. వెదురు గడ చాపండి, చీర కొంగు విసరండి, చేంతాడు వేయండి. మూత బిగించిన ఖాళీ డబ్బా, లారీ ట్యూబు అయినా చాలును. పౌలుతో పాటు ఓడ పగిలినవారిలో ఈత రానివారు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డు చేరారని అపొస్తలుల కార్యములలో చదువుతాము గదా!

బయటికి తీసిన బిడ్డను తలక్రిందులు చేసి త్రిప్పవద్దు, కడుపు నొక్కవద్దు. కడుపులోని నీరు, అన్నము ఊపిరితిత్తులలోనికి పోయే ప్రమాదమున్నది. శ్వాస లేకపోతే వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండు నుండి ఐదు సార్లు ఊదండి. పిమ్మట రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండు సార్లు ఊదండి. 108 బండి వచ్చేవరకు ఇలాగే చేయండి. ప్రాణవాయువు అందకపోతే కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బ తింటుంది. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తరువాత కూడ రావచ్చును.

సంఘముగా మన బాధ్యత

మన సంఘాలు అనేకం చెరువులోనో కాలువలోనో బాప్తిస్మమిస్తాయి. యౌవనస్థుల కూడికలు, సండే స్కూలు విహారయాత్రలు నీటి ఒడ్డున జరుగుతాయి. ముందు రోజే లోతు చూడండి. ఈత వచ్చిన ఇద్దరిని గట్టున నిలబెట్టండి. పక్కన చేంతాడు, డబ్బా ఉంచండి. వారికి వేరే పని అప్పగించవద్దు. ఆ గంట వారు పాట పాడకపోయినా, కన్నులు మూసి ప్రార్థించకపోయినా, ప్రభువు సేవలోనే ఉన్నారు.

బావిలో పడిన కుమారుని విశ్రాంతి దినమైనా వెంటనే పైకి తీయరా అని ప్రభువు అడిగాడు. తీయడానికి మనకు మనస్సున్నది. పడకుండ కాయడానికి కన్నులు కూడ ఉండాలి. ఈ మాటలు స్త్రీల సమాజములో, యౌవనస్థుల కూడికలో చదివి వినిపించండి. ఈ ఆదివారమే మీ ఊరి నీటికి కావలివారెవరో నిర్ణయించండి.