కొండలను లేవనెత్తి చూపే అద్దాలు

కడప జిల్లా వేంపల్లెకు దక్షిణంగా పాలకొండల వరుస ఉన్నది. ఊరిలో మిద్దె ఎక్కి చూచినవారికి ఆ వరుస ఆకాశానికి అడ్డంగా కట్టిన తెరవలె కనబడుతుంది. ఏ గట్టు ముందున్నదో, ఏది దాని వెనుక అరమైలు దూరాన ఉన్నదో కంటికి ఆనదు. అదే మిద్దెమీద ఎండబోసిన వడియాలలో ఏది దగ్గరో ఏది దూరమో చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా చెప్పగలరు. కన్నులు అవే. దూరం పెరిగేసరికి వానికున్న ఒక శక్తి పనిచేయడం మానివేస్తుంది.

ఆ శక్తి ఏదో తెలుసుకొనడానికి చూపుడువేలు చాలును. వేలును ముఖానికి మూరెడు దూరంలో నిలిపి, ఎదుట గోడమీది పటాన్ని చూస్తూ, ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూయాలి. వేలు పటానికి ఒక పక్కనుండి మరొక పక్కకు దుముకుతుంది. వేలు కదలలేదు, చూచే చోటు మారింది. పెద్దవారిలో రెండు కనుపాపల నడుమ ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు. ఆ ఎడంవల్ల రెండు కన్నులలో పడే బొమ్మలు సరిగా ఒక్కటి కావు. ఈ తేడాకు దృక్‌భేదం అని పేరు. కళాశాల పుస్తకాలలో పారలాక్సు అన్నా ఇదే. దగ్గరి వస్తువుకు తేడా ఎక్కువ, దూరపు వస్తువుకు తక్కువ. మెదడు రెండు బొమ్మలను కలిపి ఒకటి చేసుకొంటూ, వాని తేడాను లోతుగా మార్చి మనకు అందిస్తుంది. ఒక కన్ను మూసుకొని సూదిలో దారం ఎక్కించబోయినవారికి దాని విలువ వెంటనే తెలిసివస్తుంది.

ఈ శక్తికి హద్దు ఎక్కడో లెక్కకట్టవచ్చును. మీటరు దూరాన ఉన్న వస్తువును చూచినపుడు రెండు కన్నుల చూపులు సుమారు 3.7 డిగ్రీల కోణంలో కలుస్తవి. 650 మీటర్ల దూరంలో ఆ కోణం డిగ్రీలో సుమారు 175వ వంతుకు పడిపోతుంది. అంతకన్న చిన్న తేడాను పట్టడం మామూలు కన్నులకు కష్టం. పాలకొండలు వేంపల్లెకు కొన్ని కిలోమీటర్ల దూరాన ఉన్నవి. కనుకనే అవి తెర అయినవి. ఆపైన దూరాన్ని నీడను బట్టి, మసకను బట్టి, ఒకదానినొకటి కప్పే తీరును బట్టి ఊహించుకొనవలసినదే గాని చూడగలిగినది కాదు.

లండనులోని కింగ్స్ కాలేజీలో ఆచార్యుడుగా ఉండిన చార్లెస్ వీట్‌స్టన్ 1838లో రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించినాడు. ఘనవస్తువునుండి రెండు చదును బొమ్మలు కన్నులలో పడి లోతు పుట్టిస్తున్నవి గదా. అయితే వస్తువు లేకుండా ఆ రెండు చదును బొమ్మలనే గీసి, ఏ కంటిది ఆ కంటికి చూపితే ఏమవుతుంది? ఆయన రెండు అద్దాలను లంబకోణంలో నిలిపి, వాని అంచు ముక్కుకు ఎదురుగా వచ్చేటట్లు అమర్చి, కుడిపక్కన ఒక బొమ్మను, ఎడమపక్కన ఒక బొమ్మను నిలబెట్టినాడు. అద్దాలలోకి చూచేవారికి కాగితంమీది గీతలు గాలిలో పెట్టెగా, శంకువుగా నిలిచినవి. ఈ పరికరమే స్టీరియోస్కోపు. తెలుగులో ఘనచిత్రదర్శిని అనుకొనవచ్చును. అప్పటికి ఫోటోగ్రఫీ ఇంకా లోకానికి వెల్లడి కాలేదు. అది 1839 నాటి మాట. వీట్‌స్టన్‌కు చేతిగీతలే గతి. ఆ లేమి ఒకవిధంగా కలిసివచ్చింది. ఉత్త గీతలలో వెలుగునీడలు ఉండవు కనుక, లోతు నీడలవల్ల తోచిందని ఎవ్వరూ అనలేకపోయినారు.

ఫోటో వచ్చిన తరువాత అద్దాల చట్రం చేతిపెట్టె అయినది. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు డేవిడ్ బ్రూస్టర్ 1849లో అద్దాలకు బదులు రెండు కటకాలు పెట్టినాడు. పారిసులో ద్యుబోస్క్ తయారుచేసిన ఆ పెట్టెలు 1851లో లండను మహాప్రదర్శనలో విక్టోరియా రాణి కంట పడినవి. అంతటితో అది ఇంటింటి వినోదమైనది. స్టీరియోస్కోపు ఘనత ఎవరిదని వీట్‌స్టన్, బ్రూస్టర్ తరువాత పత్రికలకెక్కి వాదులాడుకొన్నారు. శాస్త్రజ్ఞుల తగవులు మన పొలంగట్ల తగవులకంటె మేలైనవేమీ కావు. అమెరికాలో వైద్యుడూ రచయితా అయిన ఆలివర్ వెండెల్ హోమ్స్ 1861లో చవకైన చేతిదర్శిని ఒకటి చేసి, దానికి పేటెంటు పుచ్చుకొనకుండా వదలివేసినాడు. మన దక్షిణాదికి ఈ కళ త్వరగానే వచ్చింది. మద్రాసు ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ తీసిన మధుర జంటఫోటోలు 1858 నాటివి.

ఎరుపు, నీలం కళ్లద్దాలతో చూచే అచ్చుబొమ్మలకు 1853లో జర్మనీలో రోల్‌మన్ దారి చూపినాడు. 1939లో వ్యూమాస్టర్ వచ్చింది. దాని చక్రంలో 14 చిన్న ఫిల్ములు, అనగా ఏడు జంటలు ఉంటవి. 1984లో మలయాళంలో ‘మై డియర్ కుట్టిచాత్తన్’ సినిమాను జనం కళ్లద్దాలు పెట్టుకొని చూచినారు. వేషాలు ఎన్ని మారినా పని ఒక్కటే: కుడికంటి బొమ్మ కుడికంటికి, ఎడమకంటిది ఎడమకంటికి చేరవలెను, ఒకదానిది మరొకదానికి పోరాదు.

వినోదం సంగతి అంతటితో చాలును. రాయలసీమకు ఈ అద్దాలతో అసలు పని వేరొకచోట పడింది.

వేంపల్లె పేరు భూవిజ్ఞానులకు ఊరికన్న ముందు రాయిగా తెలుసును. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలనుగూర్చి ప్రకటించిన గ్రంథం నాటినుండి ఆ పేరు నిలిచింది. అడుగున నల్లరాతి నేల, అనగా గ్రానైటు మొదలైనవి. దానిమీద గుల్చెరువు క్వార్ట్‌జైటు. ఆపైన వేంపల్లె డోలోమైటు. ఈ పొరలు ఈశాన్యంగా మెల్లగా వాలి ఉన్నవి. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది ఈ వేంపల్లె రాతిలోనే. గండి దగ్గర పాపఘ్ని నది కొండను కోసుకొని ఉత్తరానికి దిగి, కమలాపురం వైపు పోయి పెన్నలో కలుస్తుంది. గండిలో శ్రీరాముని కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉన్నదనీ, సర్ థామస్ మన్రోకు 1827లో చనిపోయే ముందు అది కనబడిందనీ ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. కింగ్ తోరణాన్ని వెదకలేదు. పొరలను వెదకుతూ ఎండలో నడిచినాడు. అటువంటి నడక కొంత తగ్గించినవి విమానంనుండి తీసిన ఫోటోలు.

మూడు కిలోమీటర్ల ఎత్తునుండి కిందికి చూచేవానికి కొండలు చదునుగా కనబడుతవి. కారణం పైన చెప్పినదే. కెమెరాకు ఆ ఇబ్బంది లేదు. విమానం సూటిగా పోతూ ఒకదాని తరువాత ఒకటి ఫోటో తీస్తుంది; పక్కపక్క ఫోటోలలో నూటికి 60 వంతుల నేల రెండింటిలోనూ పడేటట్లు చూస్తారు. ఫోటో 23 సెంటీమీటర్ల చదరం, కెమెరా నాభ్యంతరం 15 సెంటీమీటర్ల చిల్లర, ఎత్తు 3000 మీటర్లు అయితే, రెండు ఫోటోలు తీసిన చోట్ల నడుమ దూరం 1800 మీటర్లు వస్తుంది. ఆ జంటను స్టీరియోస్కోపు కింద పెట్టి చూచేవాడు ఒక్క క్షణం కుంభకర్ణుడంతవాడు అవుతాడు: కనుపాపల నడుమ ఎడం దాదాపు రెండు కిలోమీటర్లు! మొదట రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి ఈదులాడుతవి. తరువాత అవి కలిసిపోయి గట్టు కాగితంనుండి లేచి నిలుస్తుంది. గండి నిజమైన గండి అవుతుంది. గుల్చెరువు రాయి ఒకవైపు నిట్టనిలువుగా తెగి, మరొకవైపు పొరవాలు వెంట మెల్లగా జారడం కంటికి తెలుస్తుంది. కొండలు ఉన్నవానికంటె మూడు నాలుగు రెట్లు ఎత్తుగా కనబడుతవి. కొత్తవారు దీనికి బెదరనక్కరలేదు. ఎడమఫోటో కుడికి, కుడిఫోటో ఎడమకు మార్చి పెడితే మాత్రం కొండలు లోయలై, నది గట్టెక్కి పారుతుంది.

ఎత్తును చూడడమే కాదు, కొలవనూవచ్చును. పై ఫోటోలలో ఆధారదూరం 92 మిల్లీమీటర్లు. కొండకొనకు, దాని అడుగుకు దృక్‌భేదంలో తేడా 3 మిల్లీమీటర్లు అనుకొందాము. 3000ను 3తో గుణించి, 92కు 3 కలిపి వచ్చిన 95తో భాగిస్తే కొండ ఎత్తు: సుమారు 95 మీటర్లు. ఆ మిల్లీమీటర్లు కొలవడానికి ఒక చువ్వమీద రెండు గాజుపలకలు, వానిమీద రెండు చుక్కలు ఉంటవి. కలిపి చూచినపుడు రెండు చుక్కలు ఒక్కటై గాలిలో తేలుతవి. మర తిప్పి ఆ చుక్కను నేలకు ఆనించడమే కొలత. ఈ సూత్రంతో జర్మనీలోని యేనాలో కార్ల్ పుల్‌ఫ్రిష్ 1901లో కొలతయంత్రం నిర్మించినాడు. ఆయనకు తరువాత ఒక కంటి చూపు పోయింది. రెండు కన్నులలో ఒకదానిముందు మసక అద్దం పెట్టితే ఊగే లోలకం గుండ్రంగా తిరుగుతున్నట్లు తోస్తుంది. 1922లో దీనికి కారణాన్ని వివరించినది ఆయనే. తన పేరుమీద నిలిచిన వింతను తాను చూడలేకపోయినాడు. మెల్లకన్ను గల పిల్లలలో కూడా కొందరికి ఈ లోతుచూపు ఏర్పడదు. పసితనంలోనే కంటివైద్యునికి చూపినవారికి మేలు జరిగే అవకాశం ఎక్కువ.

ఇక బావి సంగతి. ఫోటోలో ఒక సన్నని సూటిగీత కనబడిందనుకొందాము. అది బండిబాట కావచ్చును, పొలంగట్టు కావచ్చును. నేలను చీల్చుకొని పైకి వచ్చి గట్టిపడిన నల్లని డోలరైటు రాతిగోడ కావచ్చును. లేదా రాయి పగిలి ఏర్పడిన చీలిక కావచ్చును. గ్రానైటు నేలలో వాన నీరు దాగేది అటువంటి చీలికలలోనే. రాతిగోడ నీటిని ఆపుతుందే గాని దాచుకొనదు. గోడమీద బోరు వేసినవానికి రాతిపొడి, అప్పు మిగులుతవి. ఒక్క ఫోటోను చూచి ఇది గోడయో చీలికయో తేల్చబోతే కన్నే మోసం చేస్తుంది. వెలుగు పైనుండి పడుతుందని మెదడు అనుకొంటుంది. వేంపల్లె అక్షాంశంలో ఏడాదిలో అధికభాగం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. ఉత్తరం పైకి పెట్టుకొని చూచేవానికి వెలుగు కిందినుండి వచ్చినట్లు అయి, గట్టు పల్లంగా, పల్లం గట్టుగా తోస్తుంది. జంటఫోటోను స్టీరియోస్కోపు కింద పెట్టితే ఆ సందేహం లేదు. గోడ పైకి లేస్తుంది. చీలిక వెంట సన్నని లోయ కిందికి దిగుతుంది.

ఈ చదువు నేర్పడానికి డెహ్రాడూనులో నెదర్లండ్సు సహకారంతో 1966లో ఒక సంస్థ ఏర్పడింది. అదే నేటి భారత దూరసంవేదన సంస్థ. తరువాత విమానం చేసే పని ఉపగ్రహానికీ వచ్చింది. 2005 మే 5న శ్రీహరికోటనుండి పంపిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలు ఉండినవి: ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఒకటి 5 డిగ్రీలు వెనుకకు వంగి చూచేవి. 618 కిలోమీటర్ల ఎత్తున పోతూ ముందుకెమెరా చూచిన నేలను సుమారు 52 సెకండ్ల తరువాత వెనుకకెమెరా చూచేది. ఆ లోపల ఉపగ్రహం 380 కిలోమీటర్లకు పైగా సాగిపోయేది. కన్నుల ఎడాన్ని ఎత్తుతో భాగిస్తే వచ్చేది 0.62, విమానం లెక్కలో 1800ను 3000తో భాగించినా 0.6 వస్తుంది. ఎత్తు రెండువందల రెట్లు పెరిగినా నిష్పత్తిని మాత్రం దాదాపు మారనీయలేదు, ఎందుకంటే కొలతలో నికరం దానిమీదనే ఆధారపడుతుంది. ఆ జంటచిత్రాలనుండి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం దేశమంతటికీ నేల ఎత్తుపల్లాల అంకెలు తయారుచేసింది. వాగుకు అడ్డుకట్ట ఎక్కడ వేస్తే ఎంత మేర నీరు నిలుస్తుందో, వరద ఎటు పారుతుందో ఇపుడు ముందుగా లెక్కకట్టవచ్చును.

అయితే ఇవన్నీ నేల పైముఖాన్ని చూపే అద్దాలే. చీలిక ఎక్కడ ఉన్నదో చెప్పగలవు. దానిలో నీరు ఉన్నదో లేదో చెప్పలేవు. అందుకని గీత గుర్తించిన చోటికి మనిషి నడిచిపోవలెను. దాని పక్కనున్న పాత బావులలో నీటిమట్టం కొలవవలెను. భూమిలోకి విద్యుత్తు పంపి దాని నిరోధాన్ని చూడవలెను. తడి ఉన్న పగుళ్లరాయిలో నిరోధం తక్కువ, పొడి బండలో ఎక్కువ. బోరుబండిని పిలవవలసినది ఆ తరువాతనే.