చెవి మేలుకొనియుండును

నేను పల్లెబడులలో ముప్పదేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యశాస్త్రము నేను చదివినది కాదు. అయినను కట్లపాము కాటునకు లోనై, అనంతపురమున ఒక ఆసుపత్రిలోని తీవ్ర చికిత్సావిభాగమున ఐదు దినములు యంత్రముచేత ఊపిరి తీసి తిరిగి వచ్చితిని. ఆ అనుభవమును, దానికి గల కారణములను పెద్దలైన మీకు మనవి చేసికొందును.

మా ఊరు కళ్యాణదుర్గము చెంతనున్నది. వేసవి రాత్రులలో నేలపై చాప పరచుకొని పండుకొనుట మాకు అలవాటు. కట్లపాము రాత్రివేళ సంచరించును. దాని కాటు ఒక్కొకప్పుడు చీమ కుట్టినంతయైనను తెలియదు. వాపు గాని గాయము గాని అంతగా కానరావు. నాకు తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చెను. అజీర్ణమనుకొని వాము కషాయము త్రాగి పండుకొంటిని. ఆ తప్పు నాదే. కొంతసేపటికి రెప్పలు వ్రాలెను, ఒక దీపము రెండై కనబడెను, మాట ముద్దయయ్యెను. నా మనుమరాలు చాపక్రింద పామును చూచి, 108 బండిని పిలిచెను.

ఈ విషము చేయు పని యేమి? నరము పంపిన ఆజ్ఞను కండరము అందుకొను చోటు ఒకటి గలదు. కట్లపాము విషము అచ్చటి నరముల కొనలను చెడగొట్టును. మొదట రెప్పలు, పిదప నాలుక, కంఠము, తుదకు ఊపిరి తీయు కండరములు స్తంభించును. ఊపిరి ఆగనీయకున్నచో మనస్సు తెలివిగానే యుండును, చెవి వినుచునే యుండును. గుఱ్ఱములకు కొద్దికొద్దిగా విషమెక్కించి వాటి రక్తమునుండి తీయు విరుగుడు మందు, ఒంటిలో తిరుగుచున్న విషమును పట్టును గాని, అప్పటికే చెడిన కొనలను బాగుచేయజాలదు. అవి మరల చిగుర్చువరకు రోగికి బదులుగా మరియొకరు ఊపిరి పోయవలెను.

1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హేగను నగరమున పోలియో వ్యాధి ప్రబలెను. బ్యోర్న్ ఇబ్సెన్ అను వైద్యుడు ఊపిరాడని రోగుల కంఠమున గొట్టమమర్చి, సంచిని చేతితో నొక్కుచు గాలిని లోనికి పంపించు పద్ధతి నెలకొల్పెను. వైద్యవిద్యార్థులు వందలకొలదిగా వంతులు వేసికొని రేయింబవళ్లు ఆ సంచులను నొక్కిరి. నేటి వెంటిలేటరు ఆ చేతుల పనినే చేయుచున్నది.

యంత్రమునకు చేర్చిన నేను కన్ను తెరవలేను, వ్రేలు కదపలేను. కాని సమస్తము వినుచుంటిని. "ఇక ఆశ లేదు, ఇంటికి తీసికొనిపోయి తులసితీర్థము పోయుదము" అని మా తమ్ముడు ఏడ్చుట వింటిని. బ్రదికియుండి నా చావుకబురు నేనే వింటిని! అప్పుడు ఆ విభాగపు డాక్టరమ్మ, నా కూతురికన్న చిన్నది, నా అరచేయి పట్టుకొని యిట్లనెను: "అయ్యవారూ, ఈ దినము గురువారము, ప్రొద్దున ఎనిమిదైనది. మీ ఒంటి బలము పోయినదే గాని మీరు పోలేదు. ఈ యంత్రము మీకై ఊపిరి తీయుచున్నది, భయపడకుడు. నా మాట వినబడినచో కాలి బొటనవ్రేలు కదలింపుడు."

నా ప్రాణమంతయు ఆ వ్రేలియందు నిలిపితిని. అది గింజంత కదలెను. ఆమె మా తమ్ముని చేయి తెచ్చి ఆ వ్రేలిపై నుంచెను. అతడు మరల ఇంటిమాట ఎత్తలేదు. యంత్రము తీయించి కొనిపోయియున్నచో త్రోవలోనే నా ఊపిరి ఆగియుండెడిది. అది మొదలు ఆమె, సూది గ్రుచ్చుటకు ముందు సూది యనియు, ప్రక్కకు త్రిప్పుటకు ముందు త్రిప్పుచున్నామనియు చెప్పుచుండెను. ఆ మాటలే నాకు పగలు రాత్రియు తెలిపిన గడియారము.

పెద్దలు ఊరివారికి ఈ మాటలు చెప్పుడు. కాటువేసిన చోట కోయవలదు, పీల్చవలదు, బిగించి కట్టవలదు. ఆ అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. రెప్పలు వ్రాలినవాని నోట తీర్థము సైతము పోయవలదు. మ్రింగలేని కంఠమున అది ఊపిరితిత్తులలోనికి పోవును. చలనము లేదని మంచముచెంత చావుమాట ఎత్తవలదు.

బడిలో పిల్లలచేత అమరకోశపు పర్యాయపదములు వల్లె వేయించితిని. కదలకుండుట చావునకు పర్యాయపదము కాదని నాకు నేర్పినది మాత్రము ఆ డాక్టరమ్మయే. సెలవు.