ఏసీ గ్యాస్ అయిపోదు, కారిపోతుంది: మన ఎండల్లో కారు ఏసీ మళ్లీ మళ్లీ ఎందుకు పోతుంది?

ఈరోజు ఎపిసోడ్ కారు ఏసీ గురించి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు కారున్న ఇంట్లో మార్చి వచ్చిందంటే ఒక ఖర్చు ఫిక్స్ అయిపోయింది. అదే, ఏసీకి గ్యాస్ కొట్టించడం. కొట్టించిన రోజు ఐసులా ఉంటుంది. మే నెలకి మళ్లీ వేడి గాలి. మళ్లీ షాపు, మళ్లీ గ్యాస్, మళ్లీ డబ్బులు.

ఏసీ అంటే షోకు కదా, అద్దాలు దించుకుంటే పోలా అనొచ్చు. మే నెల మధ్యాహ్నం, 43 డిగ్రీల ఎండలో, ఇంట్లో పెద్దాయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఒంగోలు హాస్పిటల్‌కి బయల్దేరండి. అద్దం దించితే వచ్చేది గాలి కాదు, వడగాలి. గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల పోయేవాళ్లదీ అదే కథ. కాబట్టి ఇది మనకి షోకు కాదు, అవసరం.

ఈ వీడియోలో ఒక్క మాట గుర్తుంటే చాలు. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు. అది ఖర్చవ్వదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోతోంది. కారే చోటు కనుక్కోకుండా గ్యాస్ కొట్టడమంటే, మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రీస్టార్ట్ చేస్తే పనిచేసింది కదా అని బగ్ క్లోజ్ చేసేయడమే. బగ్ అక్కడే ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది?

సింపుల్‌గా చెప్తా. ఇంజిన్ దగ్గర కంప్రెసర్ ఉంటుంది. అది గ్యాస్‌ని నొక్కి వేడి చేసి ముందుకు తోస్తుంది. బండి ముందు భాగంలో, రేడియేటర్ ముందర, కండెన్సర్ ఉంటుంది. వేడి గ్యాస్ అక్కడ బయటి గాలి తగిలి చల్లబడి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి దారి గుండా వెళ్లి, డ్యాష్‌బోర్డ్ లోపలున్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతుంది. మరగాలంటే వేడి కావాలి కదా. ఆ వేడిని క్యాబిన్ గాలి నుంచి లాక్కుంటుంది. అందుకే మనకి చల్లగాలి. తర్వాత గ్యాస్ మళ్లీ కంప్రెసర్‌కి. అదొక మూసిన చక్రం. ఎక్కడా మండదు, ఎక్కడా అయిపోదు.

రబ్బరు పైపుల్లోంచి, సీళ్లలోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. కానీ ఒకే ఎండాకాలంలో రెండుసార్లు కొట్టించాల్సి వస్తే అది మామూలు కాదు, లీక్.

మీటర్ చూసి "ఫుల్" అంటే నమ్మొచ్చా?

షాపులో మీటర్ తగిలించి, "ప్రెజర్ ఉందన్నా, గ్యాస్ ఫుల్" అంటారు. ఇక్కడ మీ వంటింటి సిలిండర్ గుర్తుచేసుకోండి. సిలిండర్ నిండా ఉన్నా, పావు వంతే ఉన్నా మంట ఒకేలా వస్తుంది. లోపల ద్రవం ఉన్నంతసేపు ప్రెజర్ వేడిని బట్టే మారుతుంది, ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి కాదు. ఎంత ఉందో తెలియాలంటే తూకం వేయాలి. బండి ఆపి ఉన్నప్పుడు ఏసీ గ్యాస్‌కీ అదే లెక్క. ఏసీ నడుస్తుండగా రెండు వైపులా ప్రెజర్ చూస్తే మెకానిక్‌కి చాలా విషయాలు తెలుస్తాయి కానీ, గ్రాములు మాత్రం తెలియవు.

మీ బానెట్ కింద ఒక స్టిక్కర్ ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని దాని మీద రాసుంటుంది. మన దగ్గర తిరిగే చాలా కార్లలో ఆర్-134ఏ అనే గ్యాస్, చిన్న కార్లలో సుమారు అరకేజీకి అటూ ఇటూ. కొన్ని కొత్త మోడళ్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది. ఒకదాని బదులు ఇంకోటి కొట్టకూడదు. చవగ్గా వస్తుందని పేరు తెలియని గ్యాస్ అసలు వద్దు. అందులో మండే గ్యాస్ కలిసి ఉంటే, అది లీకై మీరు కూర్చునే క్యాబిన్‌లోకే రావచ్చు. ఇంకో విషయం, ఎక్కువ కొడితే ఎక్కువ చల్లదనం రాదు. ప్రెజర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది.

మన ఏరియాలో ఎందుకు ఎక్కువ?

కండెన్సర్ వేడిని బయటి గాలికి వదలాలి. బయటే 43 ఉంటే ఆ పని కష్టం. లోపల ప్రెజర్ పెరుగుతుంది. చలికాలంలో తెలియని చిన్న లీక్ ఎండాకాలంలో జోరందుకుంటుంది. దానికి తోడు దుమ్ము. పలకల క్వారీల వైపు, మట్టి రోడ్ల మీద తిరిగే బండ్లకి కండెన్సర్ రేకుల మధ్య మట్టి పేరుకుంటుంది. లారీ వెనకాల పోతే రాళ్లు ఎగిరొచ్చి తగిలేది కూడా కండెన్సర్‌కే. నల్లమల ఘాట్‌లో బండి నెమ్మదిగా ఎక్కుతుంది. ఇంజిన్‌కి లోడ్ ఎక్కువ, ముందు నుంచి వచ్చే గాలి తక్కువ. అప్పుడు ఫ్యాన్ బలహీనంగా ఉంటే ఏసీ చేతులెత్తేస్తుంది. ఇంకా, వేపచెట్టు కింద పార్కింగ్: ఆకులు లోపలికి పోయి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఎలుకలైతే వైర్లు కొరికేస్తాయి.

షాపుకి వెళ్లే ముందు మీరే చూసుకోండి

బండి పరుగులో చల్లగా ఉంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి వస్తోంది. ముందు ఫ్యాన్‌ని, కండెన్సర్ మీద మట్టిని అనుమానించండి. ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి చూడండి, కాసేపటికైనా ఫ్యాన్ తిరగాలి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి.

గాలే తక్కువగా వస్తోంది, వచ్చే కాస్త గాలి చల్లగానే ఉంది. క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మీరే తీసి మార్చుకోవచ్చు.

మొదట బాగుంది, గంటకి గాలి తగ్గిపోయింది, కాసేపు ఆపితే మళ్లీ వచ్చింది. కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందని అనుమానం. సెన్సర్ చూపించాలి.

గ్యాస్ కొట్టించిన కొన్ని వారాలకి చల్లదనం మెల్లగా తగ్గుతోంది. ఇదీ లీక్ లక్షణం.

బండి కింద నీళ్ల చుక్కలు కారుతుంటే భయపడొద్దు, గాలిలో తేమ నీరై కారడం మామూలే. ఆ నీళ్లు కాళ్ల దగ్గర మ్యాట్ మీదికి వస్తే మాత్రం డ్రైన్ పైపు మూసుకుపోయినట్టు.

ఇంకో చిట్కా. ఫోన్ టార్చ్ వేసి ఏసీ పైపుల జాయింట్లు, కండెన్సర్ అంచులు చూడండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది. లీక్ ఉన్నచోట ఆ ఆయిల్ బయటికొచ్చి, దానికి దుమ్ము అంటుకుని జిడ్డు మరకలా కనిపిస్తుంది. కనిపిస్తే ఫొటో తీసి మెకానిక్ అన్నకి చూపించండి.

లీక్ దొరికాక ఏం చేయాలి?

లీక్ పట్టడానికి మూడు దారులు. పొడి నైట్రోజన్ నింపి సబ్బు నురగతో చూడటం, యూవీ లైట్‌కి మెరిసే రంగు కలిపి కొన్ని రోజులు తిప్పి చూడటం, గ్యాస్ వాసన పట్టే డిటెక్టర్. మామూలు పంక్చర్ షాపు గాలి వద్దు, అందులో తేమ ఉంటుంది. లోపలికి తేమ పోతే తుప్పుకి దారి వేసినట్టే.

వాల్వ్ పిన్, ఓ-రింగ్ అయితే చిన్న పని. చాలాసార్లు దొంగ ఇదే, కాబట్టి ముందు ఇది చూడమనండి. పైపు అయితే మార్చొచ్చు. కండెన్సర్‌కి చిల్లు పడితే వెల్డింగ్ పెడతామంటారు. ఆ రేకులు చాలా పల్చన, ప్రెజర్ ఎక్కువ. అతుకు నిలుస్తుందని గ్యారంటీ లేదు, మార్చుకోవడమే నయం. కూలింగ్ కాయిల్ అయితే పెద్ద పని. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డ్ దింపాలి, సామాను కంటే కూలీయే గట్టిగా ఉండొచ్చు. అందుకే లీక్ అక్కడే ఉందని రుజువు చూశాకే ఒప్పుకోండి.

కంప్రెసర్ మార్చినా ఏడాదిలో మళ్లీ పోయిందా? కారణం చాలాసార్లు ఇదే. పాత కంప్రెసర్ అరిగి పట్టేసినప్పుడు లోహపు పొడి లైనంతా పాకుతుంది. లైన్ కడగకుండా, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చకుండా కొత్తది బిగిస్తే, ఆ పొడి కొత్తదాన్నీ తినేస్తుంది. సన్నటి గొట్టాలున్న ఇప్పటి కండెన్సర్లని పూర్తిగా కడగడం కష్టం, చాలాసార్లు అది కూడా మార్చాల్సిందే. సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ చవకే, కానీ అది ఎన్నాళ్లు తిరిగిందో ఎవరికీ తెలియదు. రీకండిషన్డ్ తీసుకుంటే రాతపూర్వకంగా వారంటీ అడగండి.

లెక్క వేసుకుందాం

ఉదాహరణకి గ్యాస్‌కి ఒకసారి 1,800 రూపాయలు అనుకుందాం. ఎండాకాలానికి రెండుసార్లు, రెండేళ్లు. మొత్తం 7,200. ఆ డబ్బు పోయాక కూడా లీక్ అలాగే ఉంది. ఆయిల్ తగ్గి కంప్రెసర్ అరిగిపోవడం అదనం. అదే లీక్ చాలా నెమ్మదిగా ఉండి, ఒకసారి కొడితే రెండు మూడేళ్లు వస్తోందనుకోండి. బండి కూడా పాతది. అప్పుడు కాయిల్ కోసం డ్యాష్‌బోర్డ్ దింపడం కంటే గ్యాస్ కొట్టించుకోవడమే తెలివైన పని కావొచ్చు. అందుకే గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ ఫోన్ నోట్స్‌లో తేదీ, కిలోమీటర్లు, గ్రాములు రాసుకోండి. ఆ మూడు ముక్కలే మీకు నిర్ణయం చెప్తాయి.

ఎక్కడ చేయించాలి? బండి వారంటీలో ఉంటే దూరమైనా కంపెనీ వర్క్‌షాప్‌కే వెళ్లండి, బయట ముట్టుకుంటే తర్వాత పేచీ వస్తుంది. వారంటీ అయిపోతే, దగ్గర్లో ఏసీ పనే చేసే మంచి మెకానిక్ చాలు. ఆయన దగ్గర వాక్యూమ్ పంప్, తూకం, లీక్ టెస్ట్ సామాను ఉన్నాయా అన్నదే ముఖ్యం, బోర్డు ఎంత పెద్దదన్నది కాదు.

బిల్ వదలొద్దు

బిల్‌లో గ్యాస్ పేరు, గ్రాములు, మార్చిన సామాను, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. పాత సామాను వెనక్కి అడగండి. డబ్బు తీసుకుని పని సరిగ్గా చేయకపోతే, మాట్లాడినా దారికి రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. షాపు ఏ ఊళ్లో ఉన్నా సరే. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఫోన్ నుంచే వేయొచ్చు. కానీ బిల్ లేకపోతే మీ మాట నిలబెట్టడం కష్టం.

చివరిగా, ఈసారి షాపుకి వెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. అన్నా, లీక్ ఎక్కడుందో చూపిస్తావా? గ్యాస్ కొట్టే ముందు వాక్యూమ్ అరగంట పెట్టి, ముల్లు నిలబడుతుందో చూస్తావా? ఎన్ని గ్రాములు తూకం వేసి కొడతావు? ఆయిల్ ఎంత పోస్తావు? మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకి కోప్పడడు, బానెట్ ఎత్తి చూపిస్తాడు. "అవన్నీ ఎందుకన్నా, గ్యాస్ కొడితే సరిపోద్ది" అంటే మాత్రం ఇంకో షాపు చూసుకోండి.

చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి, ఆయిల్ తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి. ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ ఇంట్లో ఏటా గ్యాస్ కొట్టించేవాళ్లు ఎవరో ఒకరుంటారు కదా, వాళ్లకి పంపండి. ఉంటాను మరి.