రేవు నీటిలో ఈత

రేవనగానే మన మనస్సులకు తోచునవి ఓడలు, క్రేనులు, సరకుల గుట్టలు, చమురు తెట్టు గట్టిన నీరు. విశాఖపట్టణపు రేవును చూచినవారెవ్వరును అచ్చట దిగి ఈదవచ్చునని తలంపరు. కాని ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున రేవు నడుమనే జనులు స్నానము చేయు తావులు పెక్కు గలవు. చదువులకును ఉద్యోగములకును ఆ నగరమునకు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు అనేకము. వారిని చూడబోవు తల్లిదండ్రులును తక్కువమంది కారు. అట్టివారికి ఉపకరింపగలదని ఆ నీటి స్వభావమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

సిడ్నీ వంతెనకు పడమటి ప్రక్కన బారంగారూ అను చోటు కలదు. చిరకాలము అది ఓడల నుండి సరకు దించిన స్థలము. ఓడల సౌకర్యమునకై అచ్చటి కొండకొమ్మును తొలిచి చదును చేసిరి. రేవుపని అచ్చట ముగిసిన పిదప, సుమారు 10,000 ఇసుకరాతి దిమ్మెలను పేర్చి, 75,000కు పైబడిన మొక్కలను నాటి, పూర్వపు తీరమును పోలిన ఉద్యానమును నిర్మించి 2015 ఆగస్టులో ప్రజలకొరకు తెరచిరి. అందలి చిన్న అఖాతము పేరు మారినావి కోవ్. మారినావి యనగా ఆ సీమ ఆదివాసుల భాషలో పెద్ద పడవ. 1788లో వచ్చిన ఆంగ్లేయుల ఓడలను వారట్లు పిలిచిరి. ఈ అఖాతమున ఈదుటకు 2023 జనవరిలో అనుమతి లభించినది. రాతిమెట్ల మీదుగా నీటిలోనికి దిగవచ్చును.

మనకు సముద్రభయమనగా అలల భయము. అల విరుగుట కనబడును, హోరు వినబడును, కనుక జాగ్రత్త పడుదుము. ఈ అఖాతమున అంతటి అలలు లేవు. నీరు ఊరి చెరువువలె నిలకడగా కనబడును. ఆ నిలకడను చూచియే మనము మోసపోవుదుము. ఇచ్చటి అపాయములలో పెక్కు కంటికి కానరావు. అవి దిగకముందే అడిగి తెలిసికొనవలసినవి.

మొదట అడుగవలసినది, వాన ఎప్పుడు కురిసినదని. పెద్దవాన కురిసినప్పుడు నగరవీథుల మురికియంతయు కాలువల గుండ రేవులో పడును. ఒక్కొక్కప్పుడు మురుగుగొట్టములును పొంగి వచ్చి కలియును. బహిరంగ సముద్రమున అలలు ఆ మురికిని త్వరగా చెదరగొట్టును గనుక, అచ్చట వాన పిదప ఒక దినము ఆగిన చాలునందురు. రేవులోని నీరు ఆటుపోటులతో మెల్లగా మారవలసినదే గనుక అచ్చట మూడు దినములాగవలెను. ఆగనివారికి కడుపునొప్పి, చెవిపోటు, చర్మవ్యాధులు కలుగవచ్చును. 1989 నుండి బీచ్‌వాచ్ అను ప్రభుత్వ ఏర్పాటు స్నానపు తావుల నీటిని పరీక్షించుచున్నది. ఏనాడెచ్చట దిగవచ్చునో అది ప్రకటించును. దానిని చూచియే బయలుదేరవలెను.

ఇంకొక మాట. పూర్వపు కర్మాగారముల నుండి వెలువడిన డయాక్సిన్ అను విషము రేవు అడుగు బురదలో నిలిచియున్నది. అది చేపల క్రొవ్వులో చేరును. ఆ కారణమున 2006లో రేవునందు చేపల వ్యాపారమును ఆపివేసిరి. వంతెనకు పడమట పట్టిన చేపను తినరాదని హెచ్చరిక కలదు. ఈదుట వేరు, తినుట వేరు. గాలము వేసి వంటకు తెచ్చుకొనరాదు.

రెండవది, వేళ ఎట్టిదని అడుగవలెను. ఆ దేశమున జనవరి నడివేసవి. నీరు వెచ్చనైనప్పుడు బుల్ షార్కులను సొరచేపలు రేవులోనికి వచ్చును. అవి కరచుట మిక్కిలి అరుదు, కాని లేకపోలేదు. 2009 ఫిబ్రవరిలో ఒక నౌకాదళపు మునుగరియు, 2024 జనవరిలో సాయంసమయమున ఈదుచున్న ఒక స్త్రీయు ఈ రేవులోనే గాయపడిరి. కావున తెల్లవారుజామునను, మునిమాపునను, రాత్రియందును, నీరు మడ్డిగా నున్నప్పుడును దిగరాదు.

మూడవది, లోతెంతయని అడుగవలెను. ఆటుపోటుల నడుమ నీటిమట్టము సుమారు రెండు మీటర్ల వరకు మారవచ్చును. ఉదయము లోతైన చోట మధ్యాహ్నము రాయి తగులును. తలక్రిందుగా దూకి మెడ విరుగగొట్టుకొనినవాడు జన్మాంతము మంచము పట్టవలసి వచ్చును. మెట్ల మీదుగనే దిగుడు. రాళ్లకంటిన ఆలిచిప్పలు కత్తులవలె కోయును గనుక పాదరక్షలు మంచివి. మన బంగాళాఖాతముకంటె అచ్చటి నీరు చల్లన. ఒక్కసారిగా మునిగినచో ఊపిరి ఎగబీల్చుకొని నీరు మ్రింగు ప్రమాదమున్నది. కొద్దికొద్దిగా తడియవలెను. చీరయు, పంచెయు, జీన్సు గుడ్డయు నీరు పీల్చి క్రిందికి లాగును. ఈత దుస్తులకు సిగ్గుపడరాదు.

కడపటి ప్రశ్న, కనిపెట్టి చూచువారెవరని. లైఫ్‌గార్డు ఉన్నాడో లేడో బోర్డును చదివి తెలిసికొనుడు. లేనిచోట ఒంటరిగా దిగరాదు. హద్దు బుడ్లను దాటరాదు. వాటికవతల పడవలు తిరుగుచుండును. పిల్లలు చేతికందునంత దూరమున నుండవలెను. మునుగువాడు కేకలు వేయుననుకొందుము. కాని ఊపిరికే పెనుగులాడువానికి కేక రాదు. పలుకక నిలువుగా కొట్టుకొనుచున్నవానిని చూచినంతనే కదలవలెను. ఈత రానివారు వానికొరకు దూకినచో రెండు ప్రాణములు పోవును. తువ్వాలునో, కఱ్ఱనో, తేలెడు వస్తువునో అందించి, 000 సంఖ్యకు ఫోను చేయవలెను. తానే చిక్కుకొనినవాడు వెల్లకిల తేలి ఊపిరి నిలుపుకొని, చేయెత్తి పిలువవలెను.

ఈ నాలుగు ప్రశ్నలలో ఏ ఒక్కదానికి సరియైన జవాబు రాకున్నను, ఆనాటికి మెట్లపై కూర్చుండి కాళ్లు తడుపుకొని రావచ్చును. ఓడలు విడిచిన నీటిని మనుష్యులకు తిరిగి ఇచ్చుట గొప్ప పని. దానిని క్షేమముగా అనుభవించుట వెళ్లువారి బాధ్యత.