పాత పనితనము – క్రొత్త ప్రయోగము

సంప్రదాయమును పాటించువాడు ప్రయోగములు చేయజాలడనియు, ప్రయోగములు చేయువాడు సంప్రదాయమును విడిచినవాడనియు పలువురు తలంచుచుందురు. ఈ తలంపు సరికాదని చిత్రకారులు కె. జి. సుబ్రహ్మణ్యన్ గారి కృషి మూలమున తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి.

వీరు 1924లో కేరళలోని కూత్తుపరంబలో జన్మించిరి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రము చదువుచు, క్విట్ ఇండియా ఉద్యమమున చెఱసాలకేగిరి. 1944లో శాంతినికేతనము చేరి నందలాల్ బోస్ గారి శిష్యులైరి. పిమ్మట బరోడాలో చిరకాలము అధ్యాపకులుగా నుండి, 2016లో అచ్చటనే దివంగతులైరి.

వీరు చేపట్టిన పనులలో గాజు పలకపై చిత్రించుట యొకటి. తంజావూరు మున్నగు చోట్ల ఇది పాత విద్యయే. కాన్వాసుపై సాధారణముగా నేపథ్యము ముందు వేసి, కన్నులు, నగలు చివర దిద్దుదురు. గాజుపై ఈ వరుస తలక్రిందులగును. చిత్రమును ఆవలి వైపునుండి చూతురు గావున, కనుగీతలు, నగలు మొదట వేసి, వానిపై మేనిరంగు పూసి, కట్టకడపట నేపథ్యము వేయవలెను. కుడి యెడమగును. రంగు క్రిందికి పోయిన గీతను మఱల దిద్దుట దుస్సాధ్యము. కనుక తొలిగీతకు ముందే చిత్రమంతయు మనస్సున సిద్ధము కావలెను. ఈ నియమమును విడువకయే వీరు అక్రిలిక్ పలకలపై గూడ చిత్రించిరి.

మట్టిపనియు నట్టిదే. బంగాళమున విష్ణుపురము దేవాలయపు గోడలపై కాల్చిన మట్టి పలకలలో పురాణగాథలు గలవు. మట్టిని బాగుగా పిసికి, పలకగా చఱచి, మెల్లగా ఆరనిచ్చి కాల్చవలెను, తొందరపడిన పగులును. ఆ కట్టుబాటునకు లోబడియే వీరు పలకలను మడిచి, చీల్చి, అతికి, 1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధపు క్రౌర్యమును చూపిరి. బరోడా కళాశాల సంతలకై కొయ్య, తోలు, పూసలతో ఆటబొమ్మలు గూడ చేసిరి.

మెదక్ జిల్లా నిజాంపురమున 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడ్ గారు బరోడాలో వీరి శిష్యులు. లోహపు రేకుపై చెక్కి తీయు అచ్చుచిత్రములకు ప్రసిద్ధులైన గౌడ్ గారు గాజుపైనను, మట్టిలోను పనిచేసిరి. గురువునుండి పనితనమును గ్రహించి, తమ తెలంగాణ పల్లె మనుష్యులను చిత్రించిరి.

కావున మీ బిడ్డ చిత్రములో గుడ్డపేలికయో, కాగితపు ముక్కయో అతికి తెచ్చినచో కసరవలదు, చూడకయే మెచ్చుకొననువలదు. ఆ వస్తువును ఏల యెంచుకొనెనో, దేనిని ముందు అతికెనో అడుగుడు. చెప్పగలిగిన బిడ్డ పని నేర్చుచున్నాడు. చెప్పలేనిచో ప్రక్కన గూర్చుండి మఱల చేయించుడు.