శ్రవణం దిక్కున మాయమైన గ్రహం

‘సూర్యుడు ఒకరోజు భూమిని మింగేస్తాడట, నిజమేనా?’ బడిలో సైన్స్ పాఠం విని వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్న ఇది. ‘ఇప్పుడప్పుడే కాదులే’ అని దాటేస్తుంటాం. అది తప్పు జవాబు కాదు కానీ, అసలు కథ ఇంకా బాగుంటుంది.

సూర్యుడి వయసు దాదాపు 460 కోట్ల ఏళ్లు. మరో 500 కోట్ల ఏళ్లకు నడిగర్భంలో హైడ్రోజన్ అయిపోతుంది. అప్పుడు గర్భం కుంచించుకుపోయి వేడెక్కుతుంది, పైపొరలు ఉబ్బుతాయి. ఇప్పటికంటే 200 రెట్లకు పైగా పెరిగే సూర్యుడిలో బుధుడు, శుక్రుడు కలిసిపోవడం దాదాపు ఖాయం.

భూమి సంగతే తేలలేదు. ఉబ్బే సూర్యుడు తన ద్రవ్యరాశిని అంతరిక్షంలోకి వదిలేస్తుంటాడు. దాంతో పట్టు సడలి భూమి దూరం జరుగుతుంది. కానీ భూమి ఆకర్షణకు సూర్యుడి పైపొరల్లో లేచే పోటు దాన్ని మళ్లీ లోపలికి లాగుతుంది. 2008లో ష్రోడర్, స్మిత్ వేసిన లెక్కలో ఈ లాగుడుదే గెలుపు, భూమి కూడా ఆహుతే. అందరి లెక్కలూ అలా లేవు.

లెక్కలు సరే, ఎక్కడైనా అలా జరగడం చూశారా? 2020లో కాలిఫోర్నియాలోని పాలోమార్ అబ్జర్వేటరీ నుంచి ఆకాశాన్ని గాలించే జడ్‌టీఎఫ్ సర్వే ఒక వింత చూసింది. 12,000 కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం పది రోజుల్లో వంద రెట్లకు పైగా వెలిగి, ఆనక మసకబారింది. అది గరుడ మండలంలో ఉంది. మన శ్రవణా నక్షత్రం ఉన్నది కూడా అక్కడే. ఆగస్టు రాత్రి పెరట్లోకి వెళితే శ్రవణం తేలిగ్గా కనిపిస్తుంది, ఆ నక్షత్రం మాత్రం మామూలు కంటికి ఆనదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివి ఎంఐటీకి చేరిన కిశలయ్ డే బృందం 2023లో గుట్టు విప్పింది: గురుగ్రహమంత గ్రహాన్ని ఆ నక్షత్రం మింగేసింది. మన సూర్యుడి భవిష్యత్తు ఇదేనని పత్రికలన్నీ రాశాయి.

2025లో కథ మారింది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో చూస్తే, ఆ నక్షత్రం ఉబ్బినట్టే లేదు. గ్రహమే లక్షల ఏళ్లుగా కొద్దికొద్దిగా దగ్గరకు జారి, చివరకు అందులో పడిపోయిందని ఇప్పుడు అంటున్నారు. అది మొదటి నుంచీ బుధుడి కంటే దగ్గరగా తిరిగేది. కాబట్టి మన భూమికి ఇది సరైన పోలిక కాదు.

పిల్లలకు చెప్పాల్సిన గడువు నిజానికి ఇంకా దగ్గరిది. సూర్యుడి వెలుగు ప్రతి 100 కోట్ల ఏళ్లకు సుమారు 10 శాతం పెరుగుతుంది. సముద్రాలు ఆవిరైపోవడానికి అంత చాలు. మింగడం దాకా వస్తే, అప్పటికి ఇక్కడ మిగిలేది ఎండిన రాయే.